కరెంటు పోయిందని రాసుకున్న రోజు

నా డైరీలో ఒక అబద్ధం ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల కిందట, వానలు మొదలవబోయే ముందు, ఒక గురువారం పేజీలో ఇలా రాసుకున్నాను: "మ్యాచ్ మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ మొదటి నుంచి ఆడాల్సి వచ్చింది." కరెంటు పోలేదు. గోడకున్న ప్లగ్గును నేనే పీకాను.

నా డైరీ ఎవరూ చదవరు. బీరువాలో పాత సండేస్కూలు పుస్తకాల కింద ఉంటుంది. నేను తప్ప చదివేవాళ్లు లేని చోట కూడా నిజం రాయలేకపోయానంటే నేను ఎవరికి భయపడ్డానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆ ఆట గురించి ముందు చెప్పాలి. ఫుట్‌బాల్ జట్టుకి మేనేజరుగా ఉండే కంప్యూటర్ ఆట అది. అందులో బంతిని తన్నేది మనం కాదు. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, సాధన ఎలా చేయించాలి, ఓడినప్పుడు వాళ్లతో ఏం మాట్లాడాలి అన్నవి మాత్రమే మన చేతిలో ఉంటాయి. మ్యాచ్ మొదలయ్యాక చిన్న చిన్న బొమ్మలు పచ్చని తెర మీద పరుగెత్తుతుంటే చూస్తూ కూర్చోవడమే. నేను జీవితంలో ఒక్కసారి కూడా ఫుట్‌బాల్ తన్నలేదు. మా వైపు పిల్లలు కోత కోసిన మళ్లలో క్రికెట్ ఆడతారు. నలుగురిలో నోరు తెరవలేని నాలాంటిదానికి ఒక జట్టును నడపడం ఎలా నచ్చిందో మా అమ్మకు ఎప్పుడూ అర్థం కాలేదు.

నేర్పింది మా అన్న. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనికి కుదిరాక తన పాత లాప్‌టాప్ నాకు వదిలేసి వెళ్లాడు. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ప్లగ్గులో ఉన్నంతసేపే బతుకుతుంది, తీస్తే ఆ క్షణమే ఆరిపోతుంది. లాప్‌టాప్‌తో పాటు కొన్ని నియమాలు కూడా ఇచ్చి వెళ్లాడు.

"నియమాల్లేకుండా ఆడితే ఇది ఉత్త మోసం పాపా," అన్నాడు. "ఓడిపోతే వెనక్కి పోయి మళ్లీ ఆడొచ్చు. ఎవురు పెద్ద ఆటగాడవతాడో నెట్లో చూసి ముందే తెచ్చుకోవచ్చు. అట్టాడి కప్పు గెలిస్తే ఎవురు గెలిచినట్టు?"

"మరి కంప్యూటరే వెనక్కి పోనిస్తా ఉంటే?"

"అదే గదా. అది ఆపదు. నువ్వే ఆపుకోవాల."

ఆ మాట నాకు బాగా పట్టింది. డైరీ చివరి పేజీల్లో నియమాలు రాసుకున్నాను. మొదటిది: జరిగింది జరిగినట్టే ఉండాలి, వెనక్కి వెళ్లకూడదు. నిజమైన మేనేజరుకు కనిపించనిది నాకూ కనిపించకూడదు. ఆ ఆటలో ప్రతి ఆటగాడి గురించి అంకెలు ఉంటాయి. పరుగుకి ఇంత, ధైర్యానికి ఇంత. నిజంలో మనిషి ధైర్యానికి అంకె ఎక్కడుంటుంది? అందుకని క్యాలెండరు కాగితం కత్తిరించి తెర మీద ఆ భాగానికి సెల్లోటేపుతో అంటించాను. అన్న శనివారం వచ్చి చూసి, "ఏం మే, లాప్‌టాప్‌కి పరదా కట్టినావా?" అని అరగంట నవ్వాడు. నవ్వాక తన కొత్త లాప్‌టాప్‌కి కూడా అంటించుకున్నాడు.

విలేకరుల ప్రశ్నలకు జవాబులు నేనే చెప్పాలి, అదీ పైకి చెప్పాలి అన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. ఆటలో నాలుగు జవాబులు చూపిస్తుంది, ఒకదాని మీద నొక్కితే చాలు. నేను తలుపు దగ్గరికి వేసి, ఆ జవాబును తెలుగులో గొంతు పెట్టి చెప్పేదాన్ని. మొదట్లో గుసగుసగానే వచ్చేది. ఎదురుగా ఎవరూ లేరని తెలిసినా అరచేతులు తడిసేవి. వేరే ఊళ్లో ఆడే మ్యాచ్ అయితే మంచం మీద కాకుండా గడప పక్కన నేల మీద కూర్చుని ఆడేదాన్ని. సొంత ఊరి సుఖం ఉండకూడదని. దెబ్బ తగిలినవాణ్ణి డాక్టరు సరేననేదాకా ఆటలోకి దించకూడదన్నది ఇంకొకటి.

నేను ఎంచుకున్నది ఇంగ్లండులో అట్టడుగు వరుసలో ఉన్న ఒక జట్టు. సముద్రం పక్కన చిన్న ఊరు, అంతే దాని గురించి నాకు తెలిసింది. ఆ ఊళ్లోనూ సాయంత్రం గాలి ఇలాగే ఉప్పగా ఉంటుందేమో అనుకునేదాన్ని. నాలుగు సీజన్లు నియమం తప్పలేదు. రెండుసార్లు మేనేజరు ఉద్యోగం పోయేదాకా వచ్చింది, అయినా తప్పలేదు. పదహారేళ్లకు ఆ ఊరి నుంచే వచ్చిన ఒక కుర్రాణ్ణి నేనే పెంచాను. ఎడమ వైపు కాపు కాసేవాడు, చొక్కా మీద మూడో నంబరు. కంప్యూటరు పుట్టించిన ముఖమే, కానీ మూడేళ్లు రోజూ చూస్తే ముఖం ముఖమే అవుతుంది.

ఆ గురువారం గెలిస్తే పై వరుసకు వెళ్లే మ్యాచ్. మూడో నంబరుకు తొడ కండరం పట్టేసిందనీ, వారం విశ్రాంతి ఇమ్మనీ జట్టు డాక్టరు రాసిపెట్టాడు. నేను దించాను. ఒక్క అరగంట ఆడితే చాలు, తీసేద్దాంలే అనుకున్నాను. ఆ అరగంటలోనే పడ్డాడు. తెర మీద ఎర్రటి గుర్తు వచ్చింది. కింద రెండు వాక్యాలు. కాలు విరిగిందనీ, ఇకపై ఇంతకు ముందులా ఆడటం అనుమానమేననీ.

మ్యాచ్ ముగిసి తెర మారితే ఆట తనంతట తాను భద్రపరుచుకుంటుంది. అది జరగకముందే ఆరిపోతే, మళ్లీ తెరిచినప్పుడు మ్యాచ్‌కు ముందున్న చోటికే వస్తాం. నేను ఆలోచించలేదు. నా చెయ్యి ప్లగ్గు మీదికి వెళ్లింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పక్క గదిలో అమ్మ చూస్తున్న సీరియల్ వినిపిస్తూనే ఉంది.

మళ్లీ ఆడాను. మూడో నంబరును కూర్చోబెట్టాను. గెలిచాం.

ఆ శనివారం అన్న వచ్చాడు. ఆదివారం పొద్దున ఆరాధనకు వెళ్లేముందు దోసెలు తింటున్నాం.

"ఏమైంది పాపా నీ మ్యాచ్? పైకి పోయినారా?"

"గెలిచినాం," అన్నాను. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. "మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ ఆడాల్సొచ్చింది."

అమ్మ పెనం దగ్గర నుంచి తిరగకుండానే అంది: "ఎప్పుడు పోయింది? గురువారమా? ఆరోజు సీరియల్ మొత్తం చూసినానే. ప్రకటనలతో సహా."

అన్న నా వైపు చూశాడు. దోసె ముక్క కారంలో అద్దుకుంటూ, "మనింట్లో ఒక్కో ప్లగ్గుకి ఒక్కో కరెంటు వస్తాదేమోలేమ్మా," అన్నాడు.

"ఆ పిన్ను వదులైపోయుంటాది. ఎన్నిసార్లు చెప్పినా, బాగు చేయించరా అని," అంది అమ్మ.

అన్న మరి అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చేసి చెప్పేసేదాన్ని. అడగకపోవడంతో అది నా లోపలే ఉండిపోయింది.

చిన్న విషయమే. ఆట. ఎవరి కాలూ విరగలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు ఒక భయం పట్టుకుంది. మూడో నంబరు తెర మీద పరుగెత్తినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని. ఆ విరిగిన కాలు ఎక్కడికి పోయింది? నేను ప్లగ్గు పీకితే అది లేకుండా పోయిందా, లేక ఎక్కడో కాచుకుని ఉందా? అమ్మ మెట్టు దిగుతూ తడబడితే పరుగెత్తి పట్టుకునేదాన్ని. అన్న బైకు ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడేదాన్ని. పాస్టరుగారు దాచుకున్న తప్పుల గురించి మాట్లాడిన ఆదివారం తల ఎత్తలేకపోయాను. ఇవన్నీ డైరీలో రాయలేదు. రాస్తే ఆ గురువారం పేజీ దిద్దాలి కదా.

నిరుడు నాకు పని దొరికింది. కావలి కాలేజీలో మైక్రోబయాలజీ చదివాను కాబట్టి మా వైపే ఒక చిన్న ల్యాబులో పెట్టుకున్నారు. ఒకే గది. వైరస్ పరీక్ష చేసే మిషన్, మైక్రోస్కోపు, ఒక ఐసు పెట్టె. గుంటల్లో రొయ్య పిల్లలు వదిలేముందు రైతులు కొన్ని పిల్లల్ని కవర్లో నీళ్లతో తెచ్చి ఇస్తారు. తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో చూసి చెప్పాలి. ఉంటే ఆ పిల్లల్ని వదలకూడదు. వదిలితే ఆ గుంట పోతుంది. అంతటితో ఆగదు. అందరి గుంటలకూ నీళ్లు ఒకే కాలవ నుంచి వస్తాయి, అదే కాలవలోకి పోతాయి.

మాకు అక్కడ ఒక పద్ధతి ఉంది. కవరు మీద పేరు రాయకూడదు, రిజిస్టర్లోనూ పేరు, ఫోను నంబరు ఉండకూడదు. ఫలానా వాళ్ల పిల్లల్లో జబ్బు ఉందట అన్న మాట బయటపడితే సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర అదే ముచ్చట. పక్క గుంటవాళ్లు చూసే చూపు మారిపోతుంది. అందుకని ఎవరికి వాళ్లు ఒక గుర్తు పెట్టుకుంటారు. ఒకాయన కవరు మూతికి ఎర్ర రబ్బరు బ్యాండు వేస్తాడు. ఒకాయన చీర అంచు కడతాడు. ఒక తాత వల దారం కట్టి రెండు ముళ్లు వేసేవాడు. మధ్యాహ్నం వాళ్లే వచ్చి, తమ గుర్తు చూపించి, ఫలితం అడిగి వెళ్తారు. ల్యాబు నడిపే మా సారు ఈ పద్ధతిని మార్చనిచ్చేవాడు కాదు. "పేరు రాసినావంటే ఒక్కడు రాడు," అనేవాడు.

రెండు ముళ్ల తాత నాకు బాగా గుర్తు. తక్కిన వాళ్లు కౌంటరు మీద చెయ్యేసి తొందర పెడితే నాకు మాట తడబడేది. తాత మాత్రం బయట చెప్పులు విడిచి, మూల బల్ల మీద కూర్చుని, నేను తల ఎత్తేదాకా ఆగేవాడు.

ఆ రోజు పొద్దున రెండే కవర్లు వచ్చాయి. తాతది ఒకటి. రెండోదానికీ వల దారమే, కాకపోతే మూడు ముళ్లు. ఇంతకు ముందు రాని మనిషి. నేను ముళ్లు విప్పకుండా దారాలు రెండూ తీసి, ఏ ట్యూబు ముందు ఆ దారం పెట్టుకున్నాను. మిషన్ తిరుగుతోంది. నాకు పనేం లేదు. ఆ సాయంత్రం ఆడాల్సిన మ్యాచ్‌కు జట్టును ఒక కాగితం మీద రాసుకుంటున్నాను. మూడో నంబరు అప్పటికి కెప్టెన్. వాణ్ణి దించాలా వద్దా అని మళ్లీ అదే భయం, అదే ఆలోచన. ఎవరో తలుపు తీశారు, గాలికి కాగితం ఎగిరింది. దాన్ని పట్టుకోబోతే మోచెయ్యి తగిలి దారాలు రెండూ కింద పడ్డాయి.

వంగి తీశాను. ఏది ఎక్కడుండిందో నాకు తెలుసనుకున్నాను. పెట్టేశాను. అప్పుడు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయి. ఒకదాంట్లో వైరస్ ఉంది, ఒకదాంట్లో లేదు. తాత వచ్చి రెండు ముళ్లు చూపించాడు. "లేదు తాతా, వదులుకోవచ్చు," అని చెప్పాను. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకుని, పిల్లల్ని అమ్మే హ్యాచరీకి బండి పంపమని ఫోను చేసుకుంటూ వెళ్లిపోయాడు. మూడు ముళ్లాయనకు ఉందని చెప్పాను. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లాడు.

నాలుగున్నరకు బల్ల సర్దుతున్నాను. తాత కవరులో మిగిలిన పిల్లలు ఇంకా కదులుతున్నాయి. చిన్నవి, కనీకనిపించనంత. పొద్దున ఆయన చేతిలోంచి తీసుకుని నేనే బల్ల చివర పెట్టిన కవరు అది. రిజిస్టరు తెరిచి ఉంది. ప్రతి నమూనా పిల్లల సైజు పొద్దునే రాస్తాం. వైరస్ ఉన్న ట్యూబుకు ఎదురుగా నా చేతిరాతే ఉంది: చిన్న సైజు.

మళ్లీ చదివాను. రెండో కవరు తీసి చూశాను. అందులోవి పెద్దవి. వైరస్ ఉన్నవి తాత పిల్లలే.

ఆ క్షణంలో నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది. గోడ వైపు చూశాను. ప్లగ్గు కోసం.

సారు కావలిలో ఉన్నాడు. ఫోను చేశాను. మామూలుగా నేను ఫోను చేయలేను, మెసేజీ పెడతాను. అప్పుడు చేశాను. జరిగింది చెప్పాను.

"సరే. కంగారు పడబాక," అన్నాడు. "ఆయన మళ్లీ వస్తే కరెంటు పోయింది, పరీక్ష చెడిపోయింది, రేపు ఇంకో కవరు తెమ్మని చెప్పు. తప్పు మనదని మాత్రం నోరు జారబాక. ఈ ఒక్క మాట బయటికి పోతే షట్టరు దించుకోవాల్సిందే."

"ఆయన మళ్లీ రాడు సార్. వదిలేస్తాడు. ఈపాటికి వ్యాను వచ్చేసుంటాది."

"అయితే ఏం చేస్తాం చెప్పు. నంబరుందా నీ దగ్గర?"

లేదు. పేరూ లేదు, నంబరూ లేదు. మా పద్ధతి అది. ఆయన గుంట కాలవ వంతెన దాటాక సరుగుడు తోపు వైపు ఎక్కడో ఉందని మాత్రం ఒకసారి మాటల్లో విన్నాను.

హ్యాచరీ నుంచి పిల్లలు ఆక్సిజన్ నింపిన సంచుల్లో వస్తాయి. ఎండ తగ్గాక సంచులను అలాగే గుంట నీళ్ల మీద అరగంట తేలనిస్తారు, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి రావాలని. తర్వాతే మూతి కోసి వదులుతారు. నా దగ్గరున్నది ఆ అరగంటే. అది కూడా మొదలైపోయిందేమో తెలియదు.

ల్యాబుకు తాళం వేసి సైకిలెక్కాను. ఆ వేళకు గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది. తొక్కుతుంటే ఎవరో ఎదురుగా నిలబడి హ్యాండిలు పట్టుకుని వెనక్కి తోస్తున్నట్టుంది. దారంతా సారు చెప్పిన మాటే తిరుగుతోంది. కరెంటు పోయిందని చెప్పాలి. ఎంత తేలిక మాట. మా వైపు ఎవరూ దాన్ని శంకించరు. కానీ అలా చెబితే ఆయన ఏమంటాడు? ముందు లేదనే గదా వచ్చింది, అంటాడు. సంచుల్లో పిల్లలు రేపటిదాకా బతకవు, అంటాడు. వదిలేస్తాడు. నేను చెప్పినట్టూ ఉంటుంది, ఆయన గుంట పోయినట్టూ ఉంటుంది.

వంతెన దగ్గర టీ కొట్టు. ఆరేడుగురు మగవాళ్లు. అక్కడ అడిగితే రెండు నిమిషాల్లో దారి తెలుస్తుంది. కానీ ఏమని అడగాలి? ల్యాబు అమ్మాయి ఫలానా తాత కోసం పరుగెత్తుకొచ్చిందంటే చాలు, తక్కినది వాళ్లే కలుపుకుంటారు. దిగి నిలబడ్డాను. ఒకాయన "ఏం పాపా, యాడికి?" అన్నాడు. నా నోరు మామూలుగానే మూసుకుపోయింది. ఆ ఒక్కసారికి మూసుకుపోవడమే మేలైంది. అంతలో సరుగుడు తోపు వైపు నుంచి ఖాళీ వ్యాను ఒకటి వచ్చి వంతెనెక్కింది. వెనక తలుపులు తెరిచే ఉన్నాయి, లోపల నేలంతా తడి. పిల్లల్ని దించేసి వస్తున్న వ్యాను. దాని చక్రాల తడి గుర్తులు మట్టి మీద ఇంకా ఆరలేదు. వాటి వెంట పోయాను.

గుంట కనిపించింది. సైకిలు కట్ట మీద పడేసి ముందుకు పరుగెత్తాను. నీళ్ల మీద తెల్లగా సంచులు తేలుతున్నాయి. నడుముల్లోతు నీళ్లలో ఇద్దరు కూలీలు. తాత కట్ట మీద గొడుగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కూలీల్లో ఒకడి చేతిలో బ్లేడు.

"కోయద్దు," అన్నాను. నాకే వినపడలేదు. గాలి ఆ మాటను నా వెనక్కి తీసుకుపోయింది.

వాడు ఇంకో సంచి కోశాడు. పిల్లలు నీళ్లలో కలవడం నేను చూశాను.

తలుపు వేసుకుని గోడకు చెప్పిన జవాబులన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయని చెప్పను, అబద్ధమవుతుంది. గొంతు ఎలా వచ్చిందో నాకు తెలియదు. అరిచాను. ముగ్గురూ తిరిగారు.

తాత లేచాడు. "ఎవురూ, ల్యాబు పాపా? ఏందమ్మా ఇట్టొచ్చినావు? ఎవురన్నా చూసినారా?" ఆయన మొదటి భయం అదే.

"ఎవురికీ ఏం చెప్పలేదు తాతా. వదలద్దు. ఆ పిల్లల్లో వైరస్ ఉంది."

"లేదని నువ్వే గదా మధ్యాహ్నం చెప్పింది?"

"చెప్పినాను. తప్పు చెప్పినాను."

నీళ్లలో బ్లేడు పట్టుకున్నతను, నా మీద జాలితోనే అనుకుంటాను, "మిషన్ తప్పు జూపిచ్చిందేమోలే తాతా. మధ్యలో కరెంటు గిరెంటు పోతే అట్టాగే జూపిస్తాదంట," అన్నాడు.

మళ్లీ అదే మాట. నేను అడగకుండానే నా చేతికి ఇస్తున్నారు.

"కరెంటు పోలేదు," అన్నాను. "మిషన్ సరిగ్గానే చూపించింది. మీ దారం, ఇంకొకాయన దారం కింద పడితే నేను మార్చి పెట్టినాను. మళ్లీ చూసుకోలేదు. తప్పు నాదే."

కొడతాడేమో అనుకున్నాను. అరిస్తే బాగుండు అనుకున్నాను. ఆయన గొడుగు మడిచాడు.

"ఎన్ని కోసినార్రా?"

"రెండు తాతా."

"మిగిలినయ్యి గట్టుకెయ్యండి. తూము మూసేయండి ముందు. చుక్క నీళ్లు కాలవలోకి పోకూడదు." నీళ్ల వైపు చూశాడు. "నా గుంట పోతే పోయింది. కాలవలోకి పోనిచ్చినానంటే రేపు ఎవురి మొగం చూసేది?"

తర్వాత ఏం జరిగిందో ఇక్కడే చెప్పేస్తాను. ఆ గుంటకు బ్లీచింగ్ కొట్టారు. ఆ పంట కాలం ఆయన గుంట ఖాళీగా ఉండిపోయింది. కాలవ మీదున్న మిగతా గుంటలకు ఏం కాలేదు. నెల రోజులు ఒక్కో రైతు ల్యాబులోకి వస్తుంటే ఏం వార్త తెచ్చాడోనని ముందు ముఖమే చూసేదాన్ని. ఎవరూ తేలేదు. మూడు ముళ్లాయనకు సారే ఏదో నచ్చజెప్పాడు, ఏమని చెప్పాడో నేను అడగలేదు. నన్ను పనిలోంచి తీసేయలేదు. కాకపోతే వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు కవరు, ట్యూబు, రిజిస్టరు మూడింటి మీదా ఒకే అంకె వేస్తున్నాం. పేర్లు ఇప్పటికీ రాయం.

ఆ వారం లాప్‌టాప్ తెరిచాను. మూడో నంబరు ఎప్పట్లాగే చేతికి కెప్టెన్ పట్టీతో నిలబడి ఉన్నాడు. వాణ్ణి ఏం చేయాలో తెలియలేదు. ఆ సేవ్‌ను చెరిపేస్తే అది కూడా ఒక ప్లగ్గు పీకడమే. ఉంచాను. వాడు ఇంకా ఆడుతున్నాడు, నేను ఇంకా ముఖం తిప్పుకుంటున్నాను. డైరీలో ఆ గురువారం పేజీని కొట్టేయలేదు. దాని కింద మిగిలిన ఖాళీలో "కరెంటు పోలేదు" అని రాసి ఆ రోజు తేదీ వేశాను. అన్నకు ఇంకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

రెండు ముళ్ల తాత మళ్లీ మా ల్యాబుకు రాలేదు. వేరే ల్యాబుకు వెళ్తున్నాడని విన్నాను. న్యాయమే. ఆయనను నేను చివరిసారి చూసింది ఆ కట్ట మీదే. కూలీలు సంచులు గట్టుకు చేరుస్తున్నారు. నన్ను ఎవరూ వెళ్లమనలేదు, ఉండమనలేదు. పొద్దు వాలుతోంది. సైకిలు లేపి తిప్పుకున్నాను. తాత తూము దగ్గర నుంచి వచ్చి, పడిపోయి వంకరైన నా సైకిలు హ్యాండిలును ముందు చక్రం మోకాళ్ల మధ్య ఇరికించి సరిచేశాడు. నా ముఖం చూడలేదు. వదిలాక, చేతులు లుంగీకి తుడుచుకుంటూ అన్నాడు:

"కరెంటు పోయిందని చెప్పుంటే నేను నమ్మేసేవోణ్ణి గదమ్మా."